బిగింపు మాస్టారి చెయ్యి

నవంబరు 3, ఆదివారం

కేసింగ్ పగిలింది.

ఈ ఒక్క ముక్క రాసి మూసేద్దామనుకున్నాను. కుదరలేదు. ఆ చప్పుడు చెవిలోంచి పోవడం లేదు. పెద్ద చప్పుడేం కాదు. చల్లటి గాజుగ్లాసులో వేడి టీ పోస్తే అడుగు విడిపోయినట్టు, టక్‌మని. ఆ వెంటనే, అప్పుడే డబ్బా విప్పి పోసిన కొత్త నూనంతా హాల్లో పరుచుకుంది.

బండి హాల్లో ఎందుకుందంటే, బాత్రూమ్ గచ్చు తవ్వించాం. వరండా నిండా టైల్స్ పెట్టెలు, ఇసక. కారే పైపులు, ఊడిన గడియలు, మూసుకోని కిటికీలు అన్నీ ఈ నెలలోనే తన చేత్తో బాగుచేసేస్తానని ఆయన పట్టుబట్టాడు. పనిలో పనిగా మోటార్‌సైకిలు కూడా. పాత దుప్పటి పరిచి దాన్ని హాలు మధ్యలో నిలబెడితే అత్తయ్య చూసి, "పెళ్ళికొడుకుని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టావు కదరా, మెడలో దండొక్కటే తక్కువ" అంది.

నూనె మార్చడం అయిపోయింది. అడుగున నూనె దించే బోల్టు దగ్గర ఒక చుక్క నిలబడింది. ఇంకాస్త బిగిస్తే సరిపోతుందని స్పానర్ పెట్టాడు. నేను పక్కనే కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుతున్నాను. చప్పుడికి తలెత్తాను. ఇంజను కింది అల్యూమినియం డొప్ప మీద వెంట్రుకంత గీత. నూనె ధారగా కారుతోంది. ఆయన ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. "ఏమండీ, పగిలింది" అన్నాను. అప్పుడు ఆపాడు.

పాత లోహమట. పోతలోనే లోపం ఉండుంటుందట.

ఆయన ముఖం చూసి భయపడ్డాను. వస్తువులు పాడైతే తిట్టుకునే మనిషే గానీ అలా తెల్లబోయే మనిషి కాదు. నోరు తెరిచి అన్న మొదటి మాట, "రేపు నువ్వు కాలేజీకెలా వెళ్తావు?"

బస్సుంది కదా అన్నాను. బస్సులొద్దు, ఆటో మాట్లాడతానన్నాడు. ఇంజను పగిలి నూనె కాళ్ళకింద పారుతుంటే నేను కాలేజీకి ఎలా వెళ్తానా అని ఆలోచించే మొగుడు ఎంతమందికి ఉంటాడు? నేల తుడుస్తున్నంతసేపూ అదే అనుకున్నాను.


నవంబరు 4, సోమవారం

ఆటో వచ్చింది. నెలంతా వస్తానన్నాడట. అన్నీ ఆయనే మాట్లాడిపెట్టాడు.

లైబ్రేరియన్ నన్ను ఆటోలో చూసి, "ఇవాళ రథసారథి మారాడేం?" అంది. మొన్నటి వానాకాలం నుంచి ఆయన రోజూ బండి మీద దింపుతున్నాడు కదా, ఆవిడకి అది సినిమా. మీకు మళ్ళీ కొత్తగా పెళ్ళయిందా ఏమిటి అని ఏడిపిస్తుంది. నిజానికి నాకూ కొంచెం అలాగే ఉంది. ఈ వయసులో ఆయన భుజం మీద చెయ్యి వేసుకుని వెళ్తుంటే సిగ్గుగానూ ఉంటుంది, బాగానూ ఉంటుంది.

కానీ ఆ గీత.

డిపోలో ఆయన్ని బిగింపు మాస్టారంటారు. బస్సు చక్రాలు ఎవరు విప్పి ఎవరు బిగించినా, చివర్లో ఈయన వచ్చి ఒక్కో నట్టు మీదా స్పానర్ పెట్టి లాగి చూడాలి. చూసి "ఊఁ" అనాలి. ఆ "ఊఁ" వినందే ఏ డ్రైవరూ స్టీరింగు ముట్టుకోడు. నట్టు ఎంత బిగిసిందో అంకెల్లో చూపించే స్పానర్ ఒకటి డిపోకి ఎప్పుడో వచ్చింది. ఈయన దానికి థర్మామీటర్ అని పేరు పెట్టి, "జ్వరమొచ్చినవాళ్ళకి పెట్టండి" అని అద్దాల బీరువాలో పడేయించాడు. ఇక చాలు అన్న సంగతి బోల్టే చేతికి చెబుతుందట. అది వినపడనివాడు వేరే పని చూసుకోవాలట. ఈ ముక్క పెళ్ళయిన కొత్తలో నాకు ఎంత నచ్చిందో.

అలాంటి మనిషి ఒక చిన్న బోల్టుని పగిలేదాకా తిప్పాడు.

పోతలో లోపమే అయ్యుంటుంది. లోహాల సంగతి నాకేం తెలుసు, తర్కం పాఠాలు చెప్పుకునేదాన్ని. "నీకు అనుమానమే ఉద్యోగం" అంటుంది అత్తయ్య. నిజమే. ఇంటికి కూడా తెచ్చుకుంటున్నాను ఆ ఉద్యోగాన్ని.


నవంబరు 6, బుధవారం

వాష్‌బేసిన్ కూడా పగిలింది. కింద నట్టు బిగిస్తుంటే.

"దానితో నీకేం పగరా?" అంది అత్తయ్య. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.


నవంబరు 7, గురువారం

బేసిన్ చవకరకం. అలాగే అయ్యుంటుంది.

ఇంజను మొత్తం దింపేశాడు. పగిలిన భాగం వెల్డింగుకి వెళ్ళింది. మిగతా సామానంతా వరసగా పళ్ళాల్లో, భోజనాల బల్ల మీద. మేం ముగ్గురం నేలమీద కూర్చుని తింటున్నాం. అత్తయ్య ఒక పళ్ళెం వైపు చూసి, "ఆ పళ్ళచక్రం నాకు వడ్డించకమ్మాయ్, అరగదు" అంది. ఆయన నవ్వలేదు. తొందరగా తిని లేచిపోయాడు. ఆదివారానికల్లా బండి రోడ్డెక్కాలి, ఆదివారానికల్లా ఎక్కాలి, ఇదొక్కటే మాట. ఇన్ని రోజులు ఆటో ఉంటే ఏమైంది, ఎందుకంత కంగారు అని అడిగాను. ఆటోవాడు ఒక్కరోజు రాకపోతే నువ్వు బస్సెక్కేస్తావు అన్నాడు.

ఎక్కితే?

అడగలేదు. ఇప్పుడు రాస్తుంటే తోచింది.


నవంబరు 10, ఆదివారం

రాయాలని లేదు. అయినా రాస్తాను. రాయకపోతే రేపటికల్లా ఇది జరగలేదని నన్ను నేనే ఒప్పించుకుంటాను.

వెల్డింగుకి వెళ్ళిన డొప్ప తిరిగొచ్చింది. పగులు మీద మందపాటి అతుకు వేశారు. అంచు అక్కడక్కడా బ్లేడులా లేచి ఉంది, ఆకురాయితో నున్నగా చెయ్యాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళతో అంచంతా తడిమి చూస్తున్నాడు. మాట్లాడుతున్నాడు కూడా, బాత్రూమ్ తలుపుకి ఏ రంగు వేద్దామని. నేను లేత నీలం అన్నాను. ఆయన బూడిదరంగు అన్నాడు. మాటల మధ్యలో చూస్తే డొప్ప మీద ఎర్రగా ఉంది.

ముందు నాకు అర్థం కాలేదు. ఇంజన్లో ఎర్ర నూనె కూడా ఉంటుందా అనుకున్నాను. ఆయన వేలు అంచు మీద ఇంకా జరుగుతూనే ఉంది. అది జరిగినచోటల్లా ఎర్రటి చార పడుతోంది. బూడిదరంగైతే మరకలు కనపడవు అంటున్నాడు.

"ఏమండీ, రక్తం."

"ఎక్కడ?"

ఎక్కడ అని అడిగాడు. ఆయన చూపుడువేలు గోరు కిందినుంచి మొదటి గణుపుదాకా తెగి ఉంది. నోరు తెరుచుకుని ఉంది ఆ గాయం. మనిషి వేలు అంత తెగితే ఒళ్ళంతా జిల్లుమంటుంది. ఆయన నా చూపు ఎటుందో చూసి, దాని వెంబడి వచ్చి, తన వేలిని తను కనుక్కున్నాడు. ఆ తరవాత చేసిన పని ఇంకా ఘోరం. "అబ్బా" అన్నాడు. ఆలస్యంగా, నాకోసం.

గుడ్డ తెచ్చి కట్టాను. కడుతూ, గుడ్డ కింద ఆ వేలిని గట్టిగా నొక్కాను. కావాలనే. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. నేనేం చేశానో ఆయనకి తెలియలేదు. ఆయనకి తెలియలేదని నాకు తెలిసింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ఒక్కొక్కటే నొక్కి చూశాను. అప్పటికి ఆయన నా చేతుల్నే చూస్తున్నాడు.

"ఎప్పట్నుంచి?"

"వానలప్పట్నుంచి."

తొడుగు వేసుకున్నట్టుంటుందట. మొదట్లో తిమ్మిరి, తరవాత అదీ లేదు. డాక్టరుకి చూపించలేదు. డిపోకి డాక్టరు కాగితం వెళ్తుందని భయం. వచ్చే వేసవికి షెడ్డు ఇన్‌చార్జి దిగిపోతాడు, ఆ కుర్చీ ఈయనదేనని అందరూ అనుకుంటున్నారు. కుర్చీలో కూర్చుంటే ఇక స్పానర్ పట్టే పనుండదు. అప్పటిదాకా నెట్టుకొస్తే చాలట.

మరి చక్రాలు అన్నాను. కళ్ళతో చూసుకుంటున్నాడట, ఎంత తిరిగిందో. ఇరవయ్యేళ్ళ అనుభవమట. పోనీ ఆ అంకెల స్పానర్ వాడొచ్చు కదా అంటే నావైపు చూసిన చూపు ఉంది చూశారూ. నేనేదో ఆయన్ని బట్టల్లేకుండా వీధిలోకి వెళ్ళమన్నట్టు.

"అందరి ముందూ నేను దాన్ని పట్టుకోవాలా?" అన్నాడు. తరవాత చాలా మెల్లగా, "ఎవరికీ చెప్పకు" అన్నాడు.

గుడ్డ మార్చాను. చెప్పననీ అనలేదు, చెబుతాననీ అనలేదు.


నవంబరు 11, సోమవారం

ఆటోలో వెళ్తుంటే ముందు ఒక బస్సు. వెనక చక్రం సరిగ్గా నా కళ్ళెదురుగా తిరుగుతోంది. నట్లు ఒక వలయంలా మెరుస్తున్నాయి. వదులైతే ఊడతాయి. అతిగా బిగిస్తే తెగుతాయి. డొప్ప పగిలినట్టే. ఇలా ఏవేవో అనుకుంటూ చూస్తున్నాను.

ఉన్నట్టుండి తట్టింది. వానలప్పట్నుంచి.

ఆయన నన్ను బండి మీద దింపడం మొదలుపెట్టింది వానలప్పట్నుంచే.

ఆటోవాణ్ణి ఆపమన్నాను. దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను. ఏం మేడమ్, ఒంట్లో బాగోలేదా అని ఆ అబ్బాయి పాపం మంచినీళ్ళిచ్చాడు. తాగాను. మళ్ళీ ఎక్కాను. రెండు క్లాసులు చెప్పాను. ఏం చెప్పానో తెలియదు.

సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కుని రాగానే అడిగాను, ఇన్నాళ్ళూ నన్నెందుకు దింపుతున్నారని.

"నీకు బస్సు పడదుగా."

"నాకెప్పుడూ పడింది."

తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయాడు. ముఖం ఎప్పుడో ఆరిపోయింది, తువ్వాలు మాత్రం తియ్యడం లేదు. కళ్ళతో చూసుకుంటున్నానని నిన్న చెప్పాడు. ఆ కళ్ళ మీద ఆయనకి ఎంత నమ్మకముందో తెలుసుకోవడానికి నాకు ఇంకో ప్రశ్న అక్కర్లేకపోయింది. పెళ్ళాన్ని ఎక్కించేటంత నమ్మకం లేదు. ఊరిని ఎక్కించేటంత ఉంది.

నేను సిగ్గుపడుతూ భుజం మీద చెయ్యి వేసుకున్న రోజులన్నీ గుర్తొస్తున్నాయి. వద్దన్నా గుర్తొస్తున్నాయి.


నవంబరు 12, మంగళవారం

ఆటోలో వెళ్ళాను.


నవంబరు 13, బుధవారం

ఆటోలోనే.

ఆదివారం దాకా గడువిచ్చాను. డిపోలో తనే చెప్పుకుంటానన్నాడు. ఒక మనిషి ఇన్నేళ్ళు సంపాదించుకున్న పేరు, దాన్ని తన నోటితో తనే దించుకోవాలి గానీ పెళ్ళాం వెళ్ళి దించెయ్యకూడదు. ఇది న్యాయమే. ఎన్నిసార్లు తిప్పి చూసినా న్యాయంగానే కనిపిస్తోంది.

అత్తయ్యకి ఇవాళ కళ్ళ డాక్టరు. ఆటో పిలిచాను. "బస్సు గుమ్మం ముందే ఆగుతుంది కదమ్మాయ్, నాకెందుకీ వైభోగం?" అంది. ఎండగా ఉంది అత్తయ్యా అన్నాను.

మబ్బు పట్టి ఉంది.


నవంబరు 15, శుక్రవారం

కాలేజీ గేటు ముందు బస్సు ఆగింది. లైబ్రేరియన్ కిటికీలోంచి తల బయటపెట్టి, "రండి రండి, సీటు ఆపాను. మీ సారథి రాడుగా ఇవాళ" అని పిలిచింది. పక్కసీటు మీద తన సంచీ పెట్టి ఉంచింది నాకోసం.

నాకు పనుందండీ, మీరు వెళ్ళండి అన్నాను.

మీరు వెళ్ళండి అన్నాను. ఈ నోటితోనే. ఆవిడ చెయ్యి ఊపింది. నేను ఆవిడ ముఖం చూడడం లేదు, కింద చక్రం చూస్తున్నాను. బస్సు మలుపు తిరిగేదాకా చూశాను. తరవాత ఆటో ఎక్కాను.

ఆయన బస్సులోంచి ఒక్క మనిషిని దించుకున్నాడు. నేను ఇద్దర్ని, నన్నూ అత్తయ్యనీ. అంతేగా తేడా? ఆయన్ని సోమవారం నుంచి నేను ఏ కళ్ళతో చూస్తున్నానో, అద్దంలో అవే కళ్ళు పెట్టి చూసుకున్నాను ఇవాళ. చూడలేకపోయాను.


నవంబరు 16, శనివారం

పొద్దున్నే లైబ్రేరియన్‌కి ఫోను చేశాను. నేను తీసుకున్న పుస్తకం ఎప్పుడు తిరిగివ్వాలని అడిగాను. శనివారం సెలవు పూట ఇదేం ప్రశ్నండీ అని నవ్వింది. ఆ నవ్వు వినడానికే చేశాను.


నవంబరు 17, ఆదివారం

బండి పూర్తయింది.

చివరికి ఆ నూనె బోల్టే మిగిలింది. ఆయన స్పానర్ దానికి తగిలించి, కాసేపు అలాగే కూర్చుని, నాకు అందించాడు. నువ్వు బిగించు అన్నాడు. నాకు రాదన్నాను. తిప్పు, ఇక చాలనిపించినచోట ఆపు అన్నాడు. అదెలా తెలుస్తుందని అడిగితే, తెలుస్తుందిలే అన్నాడు.

తిప్పాను. ముందు తేలిగ్గా వచ్చింది. తరవాత కొంచెం బరువు. ఆ తరవాత ఒకచోట బోల్టులోంచి చిన్న మొండితనం అరచేతిలోకి వచ్చింది. చంటిపిల్లని చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే ఒక్కసారి కాళ్ళు తన్నిపెట్టి ఆగిపోయినట్టు. ఆపేశాను. నిజంగానే చెప్పింది. ఇన్నేళ్ళు ఆయన గొప్పలు పోతున్నాడనుకున్నాను.

"ఎలా ఉంది?" అని అడిగాడు.

నా చేతివంక ఎలా చూశాడంటే, ఆకలితో ఉన్న మనిషి పక్కవాడి కంచంలోకి చూసినట్టు. నాకు అప్పటిదాకా ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆయన తల నా ఒళ్ళో పెట్టుకోవాలనిపించింది. పెట్టుకోలేదు. అత్తయ్య ఎదురుగా కూర్చుని బఠాణీలు వలుస్తోంది.

నూనె పోశాం. చుక్క కారలేదు. ఇంజను ఒక్క తన్నుకే అందుకుంది. అత్తయ్య రెండు చెవులూ మూసుకుని, "ఇక పెళ్ళికొడుకుని వీధిలోకి తోలండర్రా" అంది.

రేపు చెబుతాను అన్నాడు. రేపు పొద్దున్నే, వెళ్ళగానే, ఇన్‌చార్జికి.


నవంబరు 18, సోమవారం

బండి మీద దింపాడు. నేను వెనక కమ్మీ పట్టుకున్నాను.

సాయంత్రం వచ్చి చెప్పానన్నాడు. ఏమన్నారని అడిగితే, చూద్దామన్నారన్నాడు. ఎవరు చూస్తున్నారు ఇప్పుడు చక్రాలు అంటే, చూస్తున్నారులే, అందరూ చూస్తున్నారు అన్నాడు. చెప్పులు వరసగా పెట్టి, వాటిని మళ్ళీ ఇంకోసారి వరసగా పెట్టాడు.

నమ్మాను. నమ్మాను అని రాస్తున్నాను. రాస్తే కుదురుతుందేమోనని.


నవంబరు 19, మంగళవారం

పొద్దున ఆయన నన్ను కాలేజీ దగ్గర దింపి వెళ్ళాడు. బండి కనుమరుగవగానే ఆటో ఎక్కి డిపోకి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆ గేటు దాటి లోపలికి వెళ్ళింది ఎప్పుడూ లేదు. షెడ్డు ఒకవైపు, జనం ఎక్కే చోటు ఒకవైపు, మధ్యలో నూనె మరకల నేల.

ఆయన ఒక బస్సు వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. స్పానర్ పెట్టి లాగాడు. ఇంకో నట్టు. ఇంకోటి. చూడ్డానికి ఎంత బాగుందో, ఇప్పుడు కూడా అదే రాయబుద్ధవుతోంది. లేచి నిలబడి "ఊఁ" అన్నాడు. నాకు ఆ దూరానికి వినపడలేదు, గడ్డం కదిలింది. డ్రైవరు బస్సెక్కాడు. బస్సు జనం దగ్గరికి వచ్చి ఆగింది.

చెప్పలేదన్నమాట.

అరవాలనుకున్నాను. ఇన్‌చార్జి గది ఎక్కడని అడగాలనుకున్నాను. అడగడానికి ఒకతని దగ్గరదాకా వెళ్ళి, అడక్కుండానే జనంతో పాటు తోసుకుని ఆ బస్సెక్కేశాను. ముందే అనుకుని చేసింది కాదు. ఇప్పుడెంత గొప్పగా రాసుకున్నా అది మాత్రం నిజం. వెనక చక్రం మీది సీటు ఖాళీగా ఉంది. నా పక్కన చంటిపిల్లతో ఒకావిడ. ముందు సీట్లో ఒక పెద్దాయన, ఎక్కీ ఎక్కగానే కునుకు మొదలుపెట్టేశాడు. టిక్కెట్టు తీసుకున్నాను.

ఆయన షెడ్డులోంచి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. అలవాటుగా బస్సువైపు చూశాడు. చూపు నన్ను దాటి వెళ్ళి, వెనక్కొచ్చింది.

పరుగెత్తుకొచ్చాడు. కిటికీ కిందికొచ్చి నిలబడి దిగమన్నాడు, పళ్ళ బిగువున, ఎవరికీ వినపడకుండా. టిక్కెట్టు తీసుకున్నానన్నాను.

"దిగు. నీకు దణ్ణం పెడతాను, దిగు."

"వీళ్ళు?"

ఆయన నా పక్కన చూశాడు. చంటిపిల్ల కిటికీ చువ్వని నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. ఆయన ఆ పిల్లని అప్పుడే మొదటిసారి చూశాడని నాకనిపించింది. పిల్లని అని కాదు. బస్సులో మనుషుల్ని.

డ్రైవరు తల బయటపెట్టి, "పోనివ్వనా మాస్టారూ, ఊఁ అన్నారుగా" అన్నాడు. ఆయన మాట్లాడలేదు. అది సరేననుకుని డ్రైవరు కదిలించాడు. బస్సు మెల్లగా ముందుకెళ్తోంది. ఆయన కిటికీ పట్టుకుని పక్కనే నడుస్తున్నాడు. నన్నే చూస్తున్నాడు. నేను దిగలేదు. నడక పరుగైంది. గేటు దగ్గరికొచ్చేసింది బస్సు. అప్పుడు బస్సు రేకు మీద అరచేత్తో కొట్టాడు. దబదబా, పిచ్చివాడిలా, ఆ తెలియని చేత్తోనే.

"ఆపు. ఆపవయ్యా."

ఆగింది. ఏమైంది మాస్టారూ అంటూ డ్రైవరు దూకాడు. కండక్టరు దిగాడు. షెడ్డులోంచి ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఇన్‌చార్జి కూడా వచ్చాడు, చేతిలో టీ గ్లాసుతో.

"చక్రాలు మళ్ళీ చూడాలి" అన్నాడు ఆయన. "ఈ ఒక్కదానివే కాదు. నేను చూసినవన్నీ."

"మీరు చూశాక మళ్ళీ చూసేదేముంది మాస్టారూ?" అన్నాడు ఇన్‌చార్జి, నవ్వుతూనే.

"నా చేతికి తెలియడం లేదు. చాలా రోజులైంది."

నవ్వు ఇన్‌చార్జి ముఖం మీదే ఉండిపోయింది, దాన్ని తియ్యడం ఆయన మరిచిపోయాడు. డ్రైవరు మాత్రం తన రెండు చేతులూ ఒకసారి చూసుకున్నాడు, ఎందుకో. బస్సులో జనం గొణుగుతున్నారు. ముందే చెప్పి ఏడవచ్చుగా, ఎక్కించాక దింపుతారా అని. పెద్దాయన నిద్రలేచి ఊరొచ్చిందా అని అడిగాడు.

అందరితో పాటు నేనూ దిగాను.


నవంబరు 20, బుధవారం

ఆ బస్సు నట్లన్నీ సరిగ్గా ఉన్నాయట. ఒక్కటి కూడా ఎక్కువా తక్కువా లేదట.

సాయంత్రానికి మిగతావి చూశారు. రెండు బస్సుల్లో చక్రాన్ని పట్టి ఉంచే బోల్టులు సాగిపోయి ఉన్నాయట, ఎప్పుడైనా తెగేవట. వాటిని రోడ్డెక్కకుండా ఆపేశారు. అందులో ఒకటి కాలేజీ గేటు ముందు ఆగేది. ఫోనులో ఇన్‌చార్జి చెప్పాడు.

విచారణ ఉంటుంది. ఆ కుర్చీ మాట ఇక లేదు. ఉద్యోగం సంగతి కూడా తెలియదు. డిపోనుంచి ఎవరూ పరామర్శకి రాలేదు, ఒక్క ఆ బస్సు డ్రైవరు తప్ప. వాడు గుమ్మంలోనే నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, "మాస్టారు బాగున్నారా?" అని అడిగి వెళ్ళిపోయాడు.

ఆయన నాతో మాట్లాడడం లేదు. కోపంగా లేడు. ఇంట్లో వస్తువుల్ని తప్పించుకుంటూ నడుస్తున్నాడు, కొత్త ఇంటికి వచ్చినవాడిలా.

అత్తయ్యకి అంతా చెప్పాం. లేచి, ఆయన కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా గిల్లింది. "ఇది కూడా తెలీదా?" అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.


నవంబరు 22, శుక్రవారం

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. కాలేజీ గేటు ముందు ఆగే బస్సులో కాదు, ఇంకో బస్సులో. ఎక్కేటప్పుడు ఇద్దరం చక్రం వంక చూశాం. ఒకరు చూడడం ఒకరం చూశాం. ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు.

మెడ దగ్గర నరం నలుగుతోందట. ఎన్నో ఏళ్ళు బరువులెత్తినందుకు కావచ్చట. బాగుపడొచ్చు, పడకపోవచ్చు, ఆపరేషన్ దాకా వెళ్ళొచ్చు. ఇంత ఆలస్యంగానా రావడం అని కసిరాడు డాక్టరు, మా ఇద్దర్నీ కలిపి.

ఒక ప్రశ్న ఉంది నా దగ్గర. మంగళవారం నుంచి మోస్తున్నాను. నేను ఆ బస్సులో లేకపోతే? ఆ చంటిపిల్ల నేను రాకముందూ అక్కడే ఉంది, ఆయన నోటివెంట "ఊఁ" వచ్చేసింది. ఆయన ఆపింది నన్నా, బస్సునా? తర్కం ప్రకారం జవాబు నాకు తెలుసు. కానీ గేటు దగ్గర ఆయన కొట్టిన దెబ్బలకి ఆ రేకు లోపల నా సీటుదాకా అదిరింది. దాన్ని ఏ తర్కంలో పెట్టాలో తెలియడం లేదు.

డాక్టరు ఆయన్ని కళ్ళు మూసుకోమన్నాడు. చెయ్యి బల్ల మీద పెట్టించి, సూదిమొనతో ఒక్కో వేలినీ ముట్టుకుంటూ తెలిస్తే ఉంది అనండి, లేకపోతే లేదనండి అన్నాడు. సూది బొటనవేలి మీదికి వెళ్ళింది. ఉంది అనేస్తాడేమో. ఇన్ని నెలలు అదే కదా చేశాడు, తెలియకుండానే ఊఁ అనడం.

"లేదు" అన్నాడు.

చూపుడువేలు. గాయం ఇంకా పచ్చిగానే ఉంది. "లేదు."

మధ్యవేలు. "లేదు."

డాక్టరు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. లేదు, లేదు, లేదు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. చిటికెనవేలి దగ్గర మాత్రం కొంచెం ఆగి, ఆలోచించి, "ఇది ఉంది" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆ ప్రశ్న అడుగుదామనుకుని ఆయన వైపు తిరిగాను. ఆయన కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చున్నాడు. అడగలేదు. అడుగుతాను. ఇవాళ కాదు. ఇవాల్టికి ఆయన చాలాసార్లు నిజం చెప్పాడు.